నోటికొచ్చిన అంకెలు

ఆ రోజు కోదాడలో మిర్యాలగూడ బస్సెక్కాను. నేను లెక్కలు రాసే గరిడేపల్లి ఎరువుల కొట్టులో కంప్యూటర్ ఆగిపోయింది. యూరియాకు వచ్చిన రైతులు గొడవ చేస్తున్నారని యజమాని ఒకటే ఫోన్లు. కూర్చోలేక, నిలబడలేక, నెట్‌లో కనిపించిన రిపేరు నంబరుకు ఫోన్ చేశాను.

"మీ ఫోనుకు ఆరంకెలు వస్తాయి సార్. చదవండి, వెంటనే తెరుచుకుంటుంది" అన్నాడు అవతలివాడు.

కొట్టు బ్యాంకు ఖాతాకు ఇచ్చింది కూడా నా నంబరే. ఆ తొందరలో అది తోచలేదు. మూడంకెలు చదివానో లేదో, పక్కసీటులో ఉన్నావిడ నా ఫోను మీదికి వంగి, అందులో లేని అంకెలు నోటికొచ్చినట్టు, "తొమ్మిది! సున్నా! నాలుగు!" అని అరిచింది.

"ఏందమ్మా గిది?" అని కోప్పడ్డాను.

"అది బ్యాంకు మెసేజే గదనే? సూస్కో జర. మా తమ్ముని దుకాణం గిట్లనే ఖతమైంది. మిషన్ బాగుచేసేటోనికి బ్యాంకు అంకెలతోని ఏం పని?"

అంతలో అవతలివాడు బూతులు తిట్టి పెట్టేశాడు. ఆ వెనకే బ్యాంకు మెసేజ్ వచ్చింది: మీరు ఇచ్చిన అంకెలు సరికావు.

ఆమె హుజూర్‌నగర్‌లో దిగిపోయింది. ఇన్నేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. నా అంకెలు తప్పని తెలిసి ఊపిరి పీల్చుకున్నది ఆ ఒక్కసారే.