ఉప్పునీటి చుక్క

ల్యాబులో అందరూ చాటుగా ‘చాదస్తం మేడమ్’ అనుకునే ఆ టెక్నీషియన్, గాజుపలక మీద ఎప్పుడూ రెండు చుక్కలు వేస్తుంది: ఒకటి కలరా రకాన్ని పట్టించే సీరం, రెండోది ఉత్త ఉప్పునీరు. రెండింట్లోనూ రోగి నుంచి తీసి పెంచిన క్రిముల్ని కలిపి, కళ్ళజోడు నెత్తిమీదికి తోసి, పలకని కిటికీ వెలుగులో అటూ ఇటూ వంచుతుంది. క్రిములు కలరావైతే సీరంలో ముద్దకట్టి ఆ చుక్క విరుగుతుంది; ఉప్పునీటి చుక్క మాత్రం ఎప్పుడూ విరక్కూడదు. అందరూ విరగాల్సిన చుక్కని చూస్తారు. ఆవిడ విరక్కూడని చుక్కని చూస్తుంది.

మొన్న సీరం చుక్క పాలు విరిగినట్టు విరగ్గానే పక్కనే నిలబడ్డ ఆరోగ్యాధికారి, కలరా అని పైవాళ్ళకి చెప్పడానికి ఫోన్ తీశాడు. “ఆగండి సార్, ఉప్పునీరూ విరిగింది. ఈ క్రిములు వాటంతటవే ముద్దకడుతున్నాయి, ఈ పరీక్ష చెల్లదు” అంది ఆవిడ. “వీధంతా వాంతులూ విరేచనాలమ్మా!” “నీళ్ళు కాచి తాగమని ఇప్పుడే చెప్పండి. క్రిమి పేరు మాత్రం రేపు చెబుతాను.” మర్నాడు కొత్తగా పెంచిన క్రిములతో సీరం విరిగింది, ఉప్పునీరు చెక్కుచెదరలేదు. ఈసారి ఫోన్ ఆవిడే చేసింది. “కలరాయే సార్. ఇక పరుగెత్తండి.”