మూసిపెట్టిన ఇల్లు

రాజమండ్రిలో నాకు ఇల్లివ్వనివాళ్ళు ఎవరూ నోటితో లేదనలేదు. అక్కడి మర్యాద అలాంటిది. కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తారు, ఫ్యాను వేస్తారు. ఏ ఊరని, నాన్నగారేం చేస్తారని అడుగుతారు. ఇంటిపేరు అడుగుతారు. అది సరిపోకపోతే ఆదివారం ఎక్కడికెళ్తారని అడుగుతారు. ఆ తర్వాత గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ "మా ఆయన్నడిగి చెప్తానమ్మా" అంటారు. ఆ ఆయన పక్కగదిలోనే కూర్చుని పేపరు చదువుకుంటూ ఉంటాడు.

మాది నరసాపురం పక్కన ఒక పల్లె. అమ్మ లేసు అల్లుతుంది. నాన్న మిషను బడిలో మాస్టారు. నాకు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది కానీ హాస్టల్లో చోటు రాలేదు. నాతోపాటు చోటు రానిది మా క్లాసులోనే ఇంకో అమ్మాయి ఉంది. తణుకు దగ్గర రైతుల ఇంటి పిల్ల. ప్రైవేటు హాస్టళ్ళు మా ఇద్దరి ఇళ్ళకూ అందేవి కావు. గది తీసుకుంటే ఇద్దరం కలిసి తీసుకోవాలి, వండుకుని తినాలి. ఒక్కరికైతే ఏ గదైనా మొయ్యలేని బరువే.

ఆ అమ్మాయి ఇంటిపేరు వినగానే ఇంటివాళ్ళ మొహాలు విప్పారేవి. నా పేరు వినగానే ముడుచుకునేవి. "నువ్వు కాసేపు బయట నిలబడవే, నేను మాట్లాడొస్తాను" అని ఆమె అనవచ్చు. అన్నా నేను తప్పుపట్టేదాన్ని కాదు. కానీ ఆ మాట ఆమె ఒక్కసారి కూడా అనలేదు. అందుకే ఇప్పటికీ ఆమె అంటే నాకు ప్రాణం.

అప్పటికి మేము ఒక సీనియరక్క హాస్టల్ గదిలో దొంగచాటుగా తలదాచుకుంటున్నాం. వార్డెన్ పట్టేసింది. మంచిది కాబట్టి ఆదివారం దాకా గడువిచ్చింది. ఆ సంగతి నాన్నకి ఫోనులో చెప్పాను. "దొరక్కపోతే వచ్చెయ్యమ్మా. ఇక్కడే బి.ఇడి. ఏదన్నా చేద్దువుగాని" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. అందుకే నాకు ఏడుపొచ్చింది. నా స్నేహితురాలి ఇంట్లోనూ అదే మాట. ఆదివారం దాటితే ఇద్దరి చదువూ అక్కడితో సరి.

శుక్రవారం ఆమెకో ఉపాయం తట్టింది. తన దగ్గరున్న స్టిక్కరు బొట్టు ఒకటి నా నుదుటి మీద అంటించి, "ఇవాళ నువ్వు మా పెదనాన్న కూతురివి, నోరెత్తకు" అంది. నోరెత్తకుండా ఉండడం నాకు చిన్నప్పట్నించీ చేతకాని పని. అయినా ఆ పూట ఉన్నాను. ఆ ఇంటావిడ కాఫీ ఇచ్చింది, డాబా మీద గది చూపించింది, బట్టలు ఆరేసుకునే తీగ కూడా చూపించింది. గది ఖాయమైపోయింది. సరిగ్గా అప్పుడు అమ్మ ఫోను చేసింది. నా ఫోను రింగుటోను మా చర్చి పాట. ఏసయ్యను నోరారా పిలిచే పాట. సంచి అడుగున ఎక్కడో పడిన ఫోను దొరికేలోపు పల్లవి మొత్తం అయిపోయింది.

"మా ఆయన్నడిగి చెప్తానమ్మా" అంది ఆవిడ.

రోడ్డు మీదికొచ్చాక నాకు ఒళ్ళు మండిపోయింది. నుదుటి మీది బొట్టు పీకి ఆవిడ గేటుకే అంటించాను. నా స్నేహితురాలు నన్నొకసారి చూసి, తన బొట్టు కూడా పీకి దాని పక్కనే అంటించింది. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు మలుపు దాకా కూడా రాలేదు. మలుపులో ఆమె ఏడ్చేసింది.

అలా ఏడ్చుకుంటూ, ఎండలో కాళ్ళీడ్చుకుంటూ గోదావరి గట్టు దాకా వెళ్ళాం. అక్కడో సన్నటి వీధిలో, తాళం వేసిన పెంకుటింటి ఎదుట ఆగి, పక్కవాళ్ళని అడుగుదామా అనుకుంటుంటే ఎదురింటి అరుగు మీంచి ఒక మామ్మగారు పిలిచారు. తెల్లటి చీర, ఖాళీ చేతులు. ఈమధ్యే భర్త పోయాడని చూస్తేనే తెలుస్తోంది.

"గది కోసమా అమ్మాయ్?"

"అవునండి."

"చర్చికెళ్తారా?"

ఊరంతా తిప్పితిప్పి అడిగిన ప్రశ్నే, ఈవిడ తిన్నగా అడిగారు. "వెళ్తామండి. అయితే ఏంటి?" అన్నాను పెడసరంగా.

"ఇద్దరూనా?"

ఆ అడగడంలో ఏదో ఆత్రం ఉంది. ఎందుకో తెలియకుండానే "ఇద్దరమూనండి" అనేశాను. నా స్నేహితురాలు బొట్టులేని మొహంతో నా పక్కనే నిలబడి ఉంది.

ఆవిడ అప్పుడు సంగతి చెప్పారు. ఆ తాళం వేసిన ఇల్లు ఆవిడదే. భర్త పోయిన ఘడియ మంచిది కాదట, ధనిష్ఠా పంచకమట. అలాంటప్పుడు ఇల్లు ఆరు నెలలు మూసిపెట్టాలి. కాదని ఇంటివాళ్ళు అందులోనే ఉంటే ఆ ఇంట్లో మరొకరు పోతారని నమ్మకం. కాకినాడలో ఉన్న కొడుకు దగ్గరుండి తాళం వేయించి, తల్లికి ఎదురింట్లో ఒక గది అద్దెకు తీసిచ్చి వెళ్ళాడు. సొంతిల్లు కళ్ళెదుట పెట్టుకుని ఆవిడ పరాయి ఇంటికి అద్దె కడుతున్నారు.

"పంతులుగారు ఇంటివాళ్ళు ఉండకూడదన్నారు గానీ పరాయివాళ్ళ మాటేమీ చెప్పలేదమ్మా. మావాళ్ళెవరూ రారు. మీకా పట్టింపు ఉండదు కదా. నా గది అద్దె వెళ్ళిపోతే చాలు నాకు."

ఊళ్ళో ఎక్కడా వినని తక్కువ అద్దె అది. ఇల్లు మొత్తం మాది, దొడ్లో నుయ్యి కూడా. ఇంతకాలం ఏ కారణానికి ఇల్లు దొరకలేదో సరిగ్గా ఆ కారణానికే ఇల్లు దొరికింది. సంతోషించాలో తిట్టుకోవాలో తెలియలేదు. ముందు సంతోషించాను.

నా స్నేహితురాలు మాత్రం నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"ఒసేయ్, నాకవన్నీ పట్టింపేనే. మా చిన్నతాతయ్య పోయినప్పుడు మావాళ్ళూ ఇలాగే ఇల్లు మూశారు. మా అమ్మకి తెలిస్తే చంపేస్తుంది."

"ఆదివారం పెట్టె సర్దుకుని ఊరెళ్ళిపోవడం కన్నా భయమా?"

ఆమె ఆ తాళం వైపు చూసి, అంత భయమేమీ కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

ఇంటికోసం నేను హిందువుననిపించుకోబోయిన రోజే ఆమె క్రైస్తవురాలైంది. ఆ వీధిలో ఉన్నంతసేపూ బొట్టు లేదు. వెంకటేశ్వరస్వామి పటం పెట్టె అడుగున, చీరల కింద. ఆదివారం నాతో చర్చికొచ్చి, నేను లేస్తే లేచి, కూర్చుంటే కూర్చునేది. ప్రసంగంలో నేను కునుకు తీస్తే మోచేత్తో పొడిచేది. ఇంట్లో మాత్రం నన్ను వదిలేది కాదు. నీళ్ళు తోడడానికి దొడ్లోకి వెళ్ళినా గుమ్మంలో నేను నిలబడాలి. మామ్మగారి భర్త పోయిన గదిలోకి ఆమె అడుగే పెట్టలేదు. నేను అందులోనే పుస్తకాలు పరిచి చదువుకునేదాన్ని. "చూడు, నాకేమైందేంటి?" అని దెప్పేదాన్ని. బతికున్న మనుషుల కన్నా చచ్చిపోయిన పెద్దమనిషే నయం, ఇంటిపేరు అడగలేదు అనేదాన్ని. ఆమె నవ్వేది కాదు.

మామ్మగారు రోజూ పొద్దున్నే ఎదురరుగు మీంచి "బాగానే ఉన్నారా అమ్మాయ్?" అని పలకరించేవారు. మర్యాదకనుకున్నాను. నిజంగానే అడుగుతున్నారని తర్వాత గానీ అర్థం కాలేదు.

క్రిస్మసు సెలవులయ్యి వచ్చాక నా స్నేహితురాలికి జ్వరం తగిలింది. మొదట మాత్రలు వేసుకుంది. తగ్గలేదు. మూడో రోజుకి మంచం మీంచి లేవలేకపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. ఆ మగతలో పెట్టె వైపు చెయ్యి చాచి "స్వామి పటం ఇవ్వవే, నా పక్కన పెట్టవే" అంది. పటం తీసి దిండు పక్కన పెట్టాను. ఆటోలో తీసుకెళ్ళి డాక్టరుకి చూపిస్తే రక్తపరీక్ష రాశాడు. ఫలితం మర్నాడన్నారు. ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టాక ఆమె నా మొహంలోకి చూసి, చాలా మామూలుగా, "ఇల్లే తీసుకుంటోందే నన్ను" అంది.

ఆమె వాళ్ళమ్మ నంబరు నొక్కాను. ఫోను లాగేసుకుంది. "అమ్మొస్తే ఈ ఇంటి సంగతి తెలుస్తుంది. నన్ను తీసుకెళ్ళిపోతుంది. నువ్వొక్కదానివీ అద్దె కట్టలేవు. ఇద్దరి ఏడాదీ పోతుంది" అంది, ప్రతి మాటకీ ఆయాసపడుతూ. ఫోను దిండు కింద పెట్టుకుని పడుకుంది. ఆ పిల్లకేమైనా అయితే వాళ్ళమ్మకి నేనేం చెప్పాలి? ఏం చెయ్యాలో తెలియక వీధిలోకొచ్చి నిలబడ్డాను.

ఎదురుగా మామ్మగారు లేచి నిలబడి ఉన్నారు. మేము ఆటో దిగడం చూసినట్టున్నారు. "ఏంటమ్మా, ఆ పిల్లకి బాగోలేదా?" అన్నారు. చెప్పేశాను. జ్వరం, పరీక్ష, ఆమె భయం. చివరికి "తను మా చర్చి పిల్ల కాదండి" అని కూడా చెప్పేశాను. పోతే పోనీ ఇల్లు అనిపించింది.

"తెలుసమ్మా. తొలిరోజే చూశాను. నుదుటి మీద బిళ్ళ తీసిన చోటు తెల్లగా ఉంది. ఏదో అవసరం ఉండబట్టే కదా అనుకున్నాను."

ఆవిడ లోపలికెళ్ళి చాప, దిండు చంకన పెట్టుకుని వచ్చారు. వీధి దాటి మా గుమ్మం ముందుకొచ్చి ఆగారు. మూడు నెలలకు పైగా దూరం నుంచి చూసుకుంటున్న సొంత గడప అది. నేను అడ్డం నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో నాకే తెలియదు.

"వద్దండి మామ్మగారు. ఇంకా ఆరు నెలలు కాలేదు."

"ఆ పిల్లని నా గదిలో పడుకోబెట్టు. తనకి పట్టింపు కదా, ఇక్కడుంటే భయానికే సగమైపోతుంది. నేనిక్కడ పడుకుంటాను. ఈ ఇంటికి ఎవరో ఒకరు కావాలంటే దానికి నేను లేనా?"

ఆ మాట అని, నన్ను పక్కకి జరిపి లోపలికెళ్ళిపోయారు. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, "గట్టు మీద ఈ గిన్నెలేంటమ్మాయ్, ఇలాగేనా ఉంచుకునేది?" అని కేకలేశారు.

మర్నాడు పరీక్షలో టైఫాయిడని తేలింది. క్యాంపస్ బయట బండి మీద తిన్న పానీపూరీల పుణ్యం కావచ్చు. నేను అదే బండి దగ్గర అంతకన్నా ఎక్కువే తిన్నాను, నాకేమీ కాలేదు. ఎదురింటి గదిలో స్వామి పటం పక్కన, ధైర్యంగా బొట్టు పెట్టుకుని ఆమె మెల్లగా కోలుకుంది. ఇటు ఇంట్లో నేనూ మామ్మగారూ.

అసలు భయం నాకు అప్పుడు మొదలైంది. ఏ పంచకాన్నీ నమ్మని దాన్ని, ఆవిడ దగ్గితే ఉలిక్కిపడేదాన్ని. స్నానానికెళ్ళి ఆలస్యమైతే తలుపు కొట్టేదాన్ని. మధ్యాహ్నం నడుం వాలిస్తే పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఆవిడ ఊపిరి చూస్తూ కూర్చునేదాన్ని. ఆవిడ మాత్రం భర్త పోయిన గదిలోనే చాప వేసుకుని హాయిగా నిద్రపోయేవారు.

ఇలాంటివి దాగవు. వీధిలో ఎవరు చెప్పారో, ఒక ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి కొడుకు బండి గుమ్మం ముందుంది. అతను వీధిలోనే నిలబడి ఉన్నాడు. నా పుస్తకాలన్నీ, మామ్మగారూ లోపల. నేను అతన్ని దాటుకుని వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"మా అమ్మ లోపలుందాండి?" అన్నాడు. కోపాన్ని బలవంతాన నొక్కిపెట్టుకున్న గొంతు.

పరీక్షలు దగ్గరపడ్డాయి. లేరంటే ఇల్లు నిలబడుతుందేమో. కానీ ఆవిడ అప్పుడే వంటింట్లో పోపు వేస్తున్నారు, వీధంతా వాసన.

"ఉన్నారండి. మా ఇంటికొచ్చారు" అన్నాను. ఆ ఊళ్ళో మా ఇల్లు అన్న మాట నా నోట రావడం అదే మొదలు.

అతని మొహం ఎర్రబడింది. "మీకు నవ్వులాటగా ఉందేమోనండి. మా పాపకి ఇంకా ఏడాది నిండలేదు. ఏదన్నా అయితే మీరొచ్చి సమాధానం చెప్తారా?" అతను చెడ్డవాడు కాదు. అతని భయం నిజం భయం.

వెనకనించి మామ్మగారు గరిటె చేత్తోనే వచ్చారు. "పంతులుగారు ఇంటివాళ్ళు ఉండకూడదన్నారు నాయనా. ఈ ఆరు నెలలూ ఇంటివాళ్ళు ఈ పిల్లలు. నేను చుట్టపుచూపుగా వచ్చాను. పాపకేం కాదు."

"ఇప్పుడే ఖాళీ చేయిస్తాను వీళ్ళని."

"చేయించు. సామానంతా లోపలే ఉంది. వచ్చి నీ చేత్తో బయటపెట్టు."

ఆవిడ నన్ను కూడా పక్కకి జరిపి దారిచ్చారు. అతను విసురుగా మెట్టు దాకా వచ్చాడు. పుట్టి పెరిగిన ఇల్లు కదా, అలవాటు కొద్దీ చెప్పులు విడిచాడు. ఒక కాలు గడప మీదికి లేచింది. అక్కడే ఆగింది. తల్లి మొహంలోకి చూశాడు, లోపలి గది తలుపు వైపు చూశాడు. తర్వాత కాలు దించి మళ్ళీ చెప్పులు వేసుకున్నాడు.

మా పరీక్షలయ్యేదాకా మమ్మల్ని ఆ ఇంట్లోంచి ఎవరూ కదిలించలేకపోయారు.