చదివాక సున్నా వేయండి

ఐదు లెక్కలకూ ఐదు సున్నాలు వచ్చాయి. ఫలితాల కాగితం మా లెక్కల సార్ ఫోన్‌కు వచ్చింది. ఆయన దాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసి, నా నంబరు ఎదురుగా ఉన్న వరసను చూపించారు. తప్పుగా చూశామేమో అని పైవరస, కిందివరస కూడా చూశాం. తప్పు లేదు. ఆ కాగితం మొత్తంలో అన్నీ సున్నాలే ఉన్నది నాకొక్కదానికే.

అప్పుడు నేను ఎనిమిదో తరగతి. సూరత్‌లో భేస్తాన్ దగ్గర తెలుగు మీడియం బడి. బాపు పవర్‌లూమ్ నడిపేవాడు. ఏళ్ల తరబడి మగ్గాల మోత మధ్య నిలబడి చెవులు కాస్త మందగించాయి. ఇంట్లో కూడా కేకలేసినట్టే మాట్లాడేవాడు. అమ్మ ఇంటి దగ్గరే కూర్చుని చీరలకు మెరుపు రాళ్లు అంటించేది. నాకు మూడేళ్లప్పుడు సిరిసిల్ల వైపు నుంచి వచ్చామట. నాకు తెలిసిన ఊరు మాత్రం సూరతే.

మా సార్‌ది కూడా మా వైపే. ఆయనకొక అలవాటు ఉండేది. శనివారం ఆఖరి పీరియడ్‌లో బోర్డు మూలన ఒక లెక్క రాసేవారు. మళ్లీ శనివారం దాకా దాన్ని ఎవరూ తుడవకూడదు. అది పుస్తకంలో ఉండే లెక్క కాదు. సూత్రం పెడితే తేలేది కాదు.

మొదటిసారి నేను చెయ్యెత్తి జవాబు చెప్పినప్పుడు, "జవాబు సరే. ఎందుకట్ల?" అన్నారు.

"గట్లనే అనిపిస్తుంది సార్."

"అనిపించుడు లెక్క కాదు బిడ్డా. కూర్చో."

వారమంతా ఒళ్లు మండింది నాకు. ఆయన మీద పంతంతోనే ఆ లెక్కను పట్టుకుని వదల్లేదు. ఎందుకో తేల్చి, శనివారం బోర్డు దగ్గరికి వెళ్లి రాశాను. చదివి, ఒక వాక్యం కింద గీత గీసి, "ఇది ఇంకా చెప్పలే నువ్వు" అన్నారు. మళ్లీ వారం పట్టింది. అలా రెండేళ్లు గడిచాయి. కోపంతో మొదలైంది ఎప్పుడు ఇష్టంగా మారిందో చెప్పలేను.

వరాఛాలో ఒక ట్రస్టు నగరంలోని బడిపిల్లలకు లెక్కల పోటీ పెడుతుందని తెలిసి, సారే ఫారం నింపి పంపారు. పైన నిలిచినవాళ్లకు వేసవిలో శిక్షణ ఇస్తారు. మొదటి పరీక్ష టిక్కులు పెట్టేది. నెగ్గాను. రెండోది మూడు గంటలు, ఐదు లెక్కలు. జవాబుతో పాటు ఎందుకో కూడా పూర్తిగా రాయాలి. ప్రశ్నలు గుజరాతీ, హిందీ, ఇంగ్లీషుల్లో ఉన్నాయి. హిందీలో చదువుకున్నాను. తెలుగులో రాశాను.

హిందీ రాక కాదు. కూరగాయల దగ్గర, ఆటోలో, నల్లా దగ్గర కొట్లాటలో మాకు హిందీయే. కానీ "అనుకుందాం", "కాబట్టి", "ఇది అసాధ్యం" అనే మాటలు నాకు తెలుగులోనే వచ్చు. లెక్క లోపల నడవడానికి కావలసిన మాటలు అవే. ఆ మూడు గంటల్లో తెలుగులో రాస్తున్నానన్న సంగతే నాకు గుర్తులేదు.

సార్ ట్రస్టుకు ఫోన్ చేస్తే, తెలియని లిపిలో రాసిన పేపరు దిద్దడం కుదరలేదని, నిబంధన ప్రకారం సున్నా వేశామని చెప్పారట.

ఆ సాయంత్రం బాపు విని, "పెద్దోళ్లతోని మనకెందుకు బిడ్డా? వచ్చే ఏడు హిందీల రాయి" అన్నాడు. అది ఆయన భయం. పదేళ్లుగా ఈ ఊళ్లో తల వంచుకుని పనిచేసి బతికిన మనిషి భయం. నాకు అర్థమైంది కానీ ఏడుపు ఆగలేదు.

అమ్మ చీర మీద నుంచి తల ఎత్తలేదు. చేతిలో ఉన్న రాయి అంటించి, నొక్కి పట్టుకుని అడిగింది.

"సున్నా అంటే ఏంది? నీకు రాదనా, వాళ్లకు చదువ రాదనా?"

"వాళ్లకు చదువ రాదని."

"నాకు బస్సు మీది గుజరాతీ బోర్డు చదువ రాదు. గంతమాత్రాన ఆ బస్సు ఏ ఊరికి పోదా? రేపు పోదాం పా."

"నువ్వేం మాట్లాడుతవ్ ఆడ?" అన్నాడు బాపు.

"నేనెందుకు మాట్లాడుత? అది మాట్లాడుతది. నేను పక్కన నిలబడుత."

మర్నాడు వెళ్లాం. ట్రస్టు ఆఫీసు ఒక పెద్ద బడి మేడ మీద ఉంది. అక్కడున్నాయన మంచివాడే. మంచినీళ్లు ఇచ్చాడు, కూర్చోమన్నాడు, అమ్మను బెహన్ అని పిలిచాడు. నా భుజం తట్టి, వచ్చే ఏడు హిందీలో రాయమ్మా అన్నాడు. బాపు చెప్పిన మాటే. కానీ ఇంట్లో విన్నప్పుడు ఏడుపొచ్చిన మాటకు ఇక్కడ కోపం వచ్చింది.

పరీక్షరోజు ఇచ్చిన సూచనల కాగితం నా దగ్గర ఉంది. ఏడు సూచనలు. మడత విప్పి ఆయన ముందు పెట్టాను.

"నిబంధన ప్రకారం సున్నా అన్నారు కదా సార్. ఆ నిబంధన ఇందులో ఏది?"

ఆయన చదివాడు. ప్రశ్నలు మూడు భాషల్లో ఉంటాయని ఉంది. జవాబు స్పష్టంగా, కారణాలతో రాయాలని ఉంది. ఏ భాషలో రాయాలో లేదు.

"అది వేరే చెప్పాలా? అర్థం చేసుకోవాలి" అన్నాడు.

"మా సార్ దగ్గర, రాయనిది రాసినట్టు లెక్క కాదు సార్."

నోరు ఎక్కువైందని అనుకుని ఉంటాడు. ముఖంలో నవ్వు పోయింది. అమ్మకు మా మాటలన్నీ అర్థం కాలేదు కానీ ఆ ముఖం అర్థమైంది. వచ్చినంత హిందీలో, "మేము కూర్చుంటాం. తొందర లేదు" అని చెప్పి, చీర కొంగు సర్దుకుని బల్ల మీద కూర్చుంది. మధ్యాహ్నం దాకా కూర్చున్నాం.

చివరికి పేపరు తయారుచేసిన పెద్దాయన వచ్చారు. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన ప్రొఫెసర్. బక్కగా, చిరాకుగా ఉన్నారు. సంగతి విని సూటిగా అడిగారు.

"తెలుగు వచ్చినవాళ్లతో అనువాదం చేయిస్తాననుకో. వాళ్లు నీ తప్పులు సరిచేయరని నాకేంటి నమ్మకం?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. అందుకే నాకు ఆయన మీద కోపం రాలేదు. ఇలా చెప్పాను.

"అనువాదం వద్దు సార్. నా పేపరు నాకివ్వండి. మీ ముందే చదువుతాను, హిందీలో చెప్తాను. తెలుగు వచ్చినవాళ్లను ఒకరిని నా పక్కన నిలబెట్టండి. రాసిందే చదువుతున్నానో లేదో వాళ్లు చూస్తారు. తప్పుంటే సున్నా వేయండి. కానీ చదివాక వేయండి."

ఆయన గోడ మీది క్యాలెండర్ వైపు చూశారు. "ఆదివారం పదింటికి రా" అన్నారు.

ఆదివారం ఒక తరగతి గదిలో కూర్చోబెట్టారు. ప్రొఫెసర్ మొదటి బెంచీ మీద, అమ్మ గుమ్మం దగ్గర. తెలుగు చదవడానికి దగ్గరలోని ఆసుపత్రి నుంచి ఒక డాక్టరమ్మను పిలిపించారు. గుంటూరు వైపు ఆవిడ. సూరత్ వచ్చి ఏడాదే అయిందట. తెల్లటి చుడీదారు, చల్లటి మాట. ఆవిడ ముందు నా తెలుగు మోటుగా ఉంటుందేమోనని కాస్త జంకాను.

మొదటి లెక్క. ఒకటి నుంచి పది దాకా సంఖ్యలు బోర్డు మీద ఉన్నాయి. ఏవైనా రెండు చెరిపి వాటి తేడా రాస్తూ పోతే చివరికి సున్నా మిగులుతుందా? నేను చదవడం మొదలుపెట్టాను. "అన్నింటి మొత్తం బేసి సంఖ్య. ప్రతిసారీ మొత్తం తగ్గేది సరి సంఖ్యే. కాబట్టి..."

"ఒక్క నిమిషం" అంది డాక్టరమ్మ, నా చెవి దగ్గరికి వంగి. "బేసి అంటే ఏంటమ్మా? ఆడ్డా, ఈవెనా? నేను చిన్నప్పటి నుంచీ ఇంగ్లీష్ మీడియం."

"ఆడ్ అండీ."

ఆ క్షణంలో నా జంకు పోయింది. లెక్కల తెలుగు ఆ గదిలో నాకొక్కదానికే వచ్చు.

రెండో లెక్క. తరగతిలో ఐదు వరసలు, వరసకు ఐదు కుర్చీలు, ఇరవై ఐదుమంది పిల్లలు. అందరూ ఒకేసారి లేచి, ముందుకో వెనక్కో కుడికో ఎడమకో ఒక్క కుర్చీ జరిగి కూర్చోవాలి. అందరికీ చోటు దొరుకుతుందా? దొరకదని రాశాను. కుర్చీలకు గళ్ల లుంగీలో లాగా ఒకటి విడిచి ఒకటి నలుపు, తెలుపు వేశాను. నల్లవి పదమూడు వస్తాయి, తెల్లవి పన్నెండు. నల్ల కుర్చీలో ఉన్నవాడు ఎటు జరిగినా తెల్లదానిలోకే పోవాలి. పదమూడుమందికి పన్నెండే ఉన్నాయి.

"ప్రశ్నలో రంగుల మాట ఎక్కడా లేదే?" అన్నారు ప్రొఫెసర్.

"నేనే వేశాను సార్. వేయొద్దని కూడా లేదు."

ఆయన నవ్వలేదు. కానీ పెన్ను తీసి పదికి పది రాశారు. మొదటిదానికీ పదే. మూడోదానిలో ఒక మెట్టు దాటేశానని ఏడు వేశారు.

నాలుగోది నాకు బాగా నచ్చిన లెక్క. ఏ ఐదు పూర్ణ సంఖ్యలు తీసుకున్నా, వాటిలో మూడింటి మొత్తం మూడుతో భాగింపబడుతుందని చూపించాలి. ధైర్యంగా మొదలుపెట్టాను. "మూడుతో భాగిస్తే వచ్చే శేషాన్ని బట్టి సంఖ్యలను మూడు గూళ్లలో పెడదాం. ఐదింటిని మూడు గూళ్లలో పెడితే ఒక గూట్లో కనీసం మూడు..."

ఆగిపోయాను.

ఒక గూట్లో మూడు ఉండాలని ఏముంది? రెండు, రెండు, ఒకటిగా కూడా ఉండొచ్చు. పరీక్షరోజు అది తట్టలేదు. ఇప్పుడు గొంతెత్తి చదువుతుంటే పగులు కనబడింది. దాన్ని ఎలా పూడ్చాలో కూడా అదే క్షణంలో తెలిసింది. అలా ఉన్నప్పుడు గూటికొకటి తీసుకుంటే సరిపోతుంది. ఒక్క వాక్యం. డాక్టరమ్మ అప్పటికే నా రాతలో రెండు వరసలు వెనకబడి, వేలు పెట్టుకుని కూడబలుక్కుంటోంది. ఆ ఒక్క వాక్యం కలిపి చదివితే ఆవిడ పట్టుకోలేకపోయేది. ఆ సంగతి నాకు తెలుసు.

"ఏమైంది? చదువు" అన్నారు ప్రొఫెసర్.

రాసింది రాసినట్టే చదివాను. చదివి, "ఇది తప్పు సార్" అన్నాను.

"ఎక్కడ?"

చూపించాను.

"ఇప్పుడు సరిచేయగలవా?"

"చేయగలను. కానీ పేపర్లో లేదు."

ఆయన తల కిందికి దించుకుని రెండు మార్కులు వేశారు.  నేను పేజీ తిప్పాను. ఐదో లెక్క సగం పేజీ రాసి వదిలేశాను. దానికి సున్నా వచ్చింది. ఆ సున్నా మీద నాకు అభ్యంతరం లేదు. దాన్ని చదివే వేశారు.

మొత్తం ఇరవై తొమ్మిది. వేసవి శిక్షణకు ఎంపికైన ఆఖరి పిల్లకు ముప్పై నాలుగు. నాలుగో లెక్క పూర్తిగా రాసి ఉంటే నేనూ ఆ జాబితాలో ఉండేదాన్ని. మెట్లు దిగుతూ అమ్మకు అంతా చెప్పాను, ఆ ఒక్క వాక్యం సంగతి కూడా. అమ్మ మెట్టు మీదే ఆగింది.

"కలుపుకొని చదివితే అయిపోయేది గదా?"

"అయిపోయేది."

"మరి?"

"నా పేపరు చదవమని గదా కొట్లాడింది. వేరే పేపరు కాదు గదా."

అమ్మ మెట్లు దిగింది. కింద బండి మీద నాకు ఒక లోచో పొట్లం కొనిచ్చింది. ఆవిరి మీద ఉడికిన వేడి శనగపిండి ముద్ద, దాని మీద నూనె, సన్న కారప్పూస, ఉల్లిపాయలు. తాను తినకుండా నేను తినేది చూస్తూ నిలబడింది. సార్‌కు సోమవారం మార్కులు చెప్పాను. ఆయన నాలుగో లెక్క దగ్గర ఆగి, "అనిపించింది రాసినవా?" అని అడిగారు. అవునన్నాను. "మంచిగ గుర్తుంటది ఇగ" అన్నారు.

మరుసటి ఏడాది సూచనల కాగితంలో ఏడు కాదు, ఎనిమిది ఉన్నాయి. జవాబులు గుజరాతీ, హిందీ లేదా ఇంగ్లీషులో మాత్రమే రాయాలన్నది ఎనిమిదోది. ఆ వాక్యం నా కోసమే పుట్టింది. మొదట నాకు చెంపదెబ్బ తిన్నట్టు అనిపించింది. బాపు మాత్రం విషయం తెలుసుకుని, గదంతా వినబడేలా నవ్వాడు. "నీకు భయపడి కాయిదం మార్చిండ్రా?" అన్నాడు. వెళ్లొద్దన్న మనిషే ఆ సంగతి తాను మగ్గాలు నడిపే ఖాతాలో, అంటే ఆ షెడ్డులో, అందరికీ చెప్పుకున్నాడు.

ఆ ఏడు హిందీలో రాశాను. మా బడి ఎనిమిదితోనే ఆగిపోవడంతో అప్పటికి హిందీ మీడియం బడికి మారాను, "అనుకుందాం" బదులు "మాన్ లీజియే" అని మొదలుపెట్టడం నేర్చుకున్నాను. చిత్తు పనికి ఇచ్చిన పేజీలు మాత్రం అంచుదాకా తెలుగే. వాటి గురించి ఎనిమిదో సూచన ఏమీ అనలేదు. శిక్షణకు ఎంపికయ్యాను. అక్కడ బోర్డు దగ్గర నిలబడి తెలుగులో గొణుక్కుంటూ ఆలోచిస్తుంటే వెనక బెంచీల్లో నవ్వేవాళ్లు. నవ్వనిచ్చాను. ఆలోచన అయ్యాక వాళ్ల వైపు తిరిగి హిందీలో చెప్పేదాన్ని. రెండో వారానికి నవ్వు ఆగింది.

ఇప్పుడు నేను ఇదే ఊళ్లో లెక్కల టీచర్‌ని. ఆదివారాలు మా వీధి పిల్లలతో కూర్చుంటాను. మగ్గాల మీద పనిచేసేవాళ్ల పిల్లలే ఎక్కువ. ఏ భాషలో తోస్తే ఆ భాషలో ఆలోచించమంటాను. పోటీకి మూడు భాషల్లో ఏదో ఒకటి నేర్పుతాను, ఎందుకంటే వాళ్ల సంవత్సరం వృథా చేసే హక్కు నాకు లేదు. ఆ ఎనిమిదో సూచన ఇంకా అలాగే ఉంది. దాన్ని తీసేయమని, ఈ నగరంలో పిల్లలు ఏ భాషలో చదువుతుంటే ఆ భాషలో రాయనివ్వమని, దిద్దడానికి మనుషులను నేనే వెతికి తెస్తానని ట్రస్టుకు ఏటా ఒక ఉత్తరం రాస్తున్నాను. ఇప్పటిదాకా జవాబు లేదు. ఈ ఏడాది ఉత్తరం నిన్న పంపాను.