పెద్దది నన్ను అక్కా అనేది

నా పెద్ద బిడ్డ ఇరవయ్యేళ్ల దాకా నన్ను అక్కా అనే పిలిచింది. తప్పు దానిది కాదు. పదహారు నిండగానే నాకు పెళ్లి చేశారు, పదిహేడులో కాన్పయింది. మా ఆయనకు నగరిలో మా వీధిలోనే మరమగ్గం పని కాబట్టి పుట్టింట్లోనే ఉండిపోయాం. అక్కడ చెల్లెలు, తమ్ముడు నన్ను అక్కా అనేవాళ్లు, మా అమ్మను అమ్మా అనేవాళ్లు. చంటిది చెవిన పడ్డదే నేర్చుకుంది. విన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ రోజుల గురించి నాకు గుర్తున్నది తక్కువ. మా అమ్మ పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి నూనె రుద్ది నీళ్లు పోసేది. మగ్గాల చప్పుడును మించి ఏడ్చేది బిడ్డ. నేను గడప మీద కూర్చుని టీవీ చూసేదాన్ని. ఒకరోజు నేను పోస్తానని వెళితే, "నీకే తల దువ్వుకోను రాదు, జరుగు" అంది అమ్మ. నిజం చెప్పాలంటే బతుకుజీవుడా అనుకున్నాను.

తర్వాత నేనూ మా ఆయనా తిరుపతి వచ్చేశాం. ఆయన ఆటో తోలేవాడు, నేను లాడ్జిలో గదులు సర్దేదాన్ని. పెద్దది మా అమ్మ దగ్గరే ఉండి బడి చదువు ముగించింది. డిగ్రీకి అదీ, మా అమ్మా ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. మధ్యలో రెండు కడుపులు నిలవలేదు. ఇక లేదులే అనుకున్నాక, ముప్పై ఏడో ఏట మళ్లీ నెల తప్పింది.

తోడుగా పెద్దదాన్ని ఆసుపత్రికి తీసుకెళితే, నర్సు నన్ను బల్ల మీద కూర్చోమని, దాన్ని బరువు చూసుకోమంది.

"నేను కాదు మేడం, మా అక్క" అంది పెద్దది.

నర్సు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఈసారి నాకు నవ్వు రాలేదు. దాని నోట ఒక్కసారి అమ్మా అని వినాలని ఎంత ఆశగా ఉందో అప్పుడు తెలిసింది. అడిగి పిలిపించుకునేది కాదు గదా అది.

కొడుకు పుట్టాడు. మా అమ్మ మోకాళ్లు అరిగిపోయాయి, పీట మీద కూర్చోలేదు. నీళ్లు నేనే పోయాలి. ఇద్దరు బిడ్డల తల్లిని, ఆ పనే రాదు. అమ్మ కుర్చీలో కూర్చుని చెబుతుంటే, పెద్దది చెంబుతో నీళ్లు అందిస్తుంటే, బిడ్డను నా కాళ్ల మీద పడుకోబెట్టుకున్నాను. నూనె పెడుతూ మాడు మీద వేలు ఆన్చాను. మెత్తటి చర్మం కింద ప్రాణం కొట్టుకుంటోంది. చెయ్యి తీయలేకపోయాను. ఎవరు నేర్పారు ఆ ప్రాణానికి ఆ పని? చెంబు పట్టుకుని నిలబడినదాని తల మీద కూడా ఒకప్పుడు ఇట్లాగే కొట్టుకుని ఉంటుంది. నా పక్కలోనే. నేను చూడలేదు. బిగించి జడ వేసుకున్న ఆ తలవైపు చూస్తూ ఉండిపోయాను. అంత ఆశ్చర్యం నేనెన్నడూ ఎరగను.

కొన్నాళ్లకు పెద్దది అడిగింది. "అక్కా, నన్ను జూసి వీడు గూడా నిన్ను అక్కా అనే నేర్చుకుంటాడేమో?"

"ఏమో" అన్నాను.

ఆ తర్వాత రెండురోజులు అది నన్ను ఏమనీ పిలవలేదు. పనుంటే ఎదురుగా వచ్చి నిలబడి చెప్పేది.

మూడోనాడు నీళ్లు పోస్తుంటే నూనెకు బిడ్డ జారబోయాడు.

"అమ్మా, తల పట్టుకో" అని అరిచింది పెద్దది.

"ఏం బంగారూ" అని వంటింట్లోంచి అలవాటుగా పలికింది మా అమ్మ.

పెద్దది చెంబు కింద పెట్టింది. "నిన్ను కాదవ్వా" అంది నెమ్మదిగా.

ఇరవయ్యేళ్లు ఆ పిలుపుకు పలికిన మనిషి. స్టవ్ కట్టేసి, గోడ పట్టుకుంటూ గుమ్మందాకా వచ్చింది. మనవరాలిని చూసింది, నా కాళ్ల మీది పసివాణ్ని చూసింది. చేతిలోని తువాలు నా భుజం మీద వేసింది.

"పిలస్తా ఉండాది గదమ్మే" అంది నాతో. "పలుకు."