అట్లాసులో మా లంక

తొంభైల మొదట్లో మెల్‌బోర్న్‌లో నేను నర్సుగా చేసేటప్పుడు, బడి అయ్యాక మా అమ్మాయి పక్కింటావిడ దగ్గర ఉండేది. ఆవిడది ఫ్రాన్సు. బ్రిటనీ తీరానికి అవతల, సముద్రంలో ఒక బుల్లి దీవి. అక్కడ కార్లు లేవట. ఇంటికో తోపుడు బండి రేవులోనే ఉంటుందట. పడవ రాగానే ఎవరి బండి వాళ్లు తీసుకుని సరుకులు తోసుకుపోతారట.

ఇదంతా నాకు మా పిల్లే చెప్పేది. నేను బజారు నుంచి వస్తే చాలు, ఆరేళ్లది బొమ్మల బండి తోసుకుంటూ కారు దగ్గరికి వచ్చి ఉల్లిపాయలు ఎక్కించుకునేది. గాలి ఎక్కువైతే మన దీవికి పడవ రాదని ఇంగ్లీషులో అనేది. ఆ మాటకు నాకు ఒళ్లు మండేది. ఆవిడ మంచి మనిషి, నా బిడ్డకు వేళకు తిండి పెడుతుంది. అయినా ఆవిడంటే కుళ్లుకునేదాన్ని.

మాదీ దీవే కదా. గోదావరి మధ్యలో లంక. పడవ దిగితే మూటలు నెత్తిన పెట్టుకుని ఇసుకలో నడవాలి. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ అదంతా చెప్పాను.

"బట్ ఇట్స్ ఇన్ ఎ రివర్, మమ్," అని పిల్ల కిటికీ వైపు తిరిగింది.

ఆ సాయంత్రం పక్కింటావిడ మా ఇంటికి అట్లాసు తెచ్చి తన దీవి చూపించింది. ఆవగింజంత చుక్క, పక్కన పేరు. మా లంక ఎక్కడా లేదు. ఆవిడ అట్లాసు వదిలి వెళ్లాక, పౌరుషం వచ్చి గోదావరి గీత మీద పెన్నుతో నేనే ఒక చుక్క పెట్టాను, ఆవిడ పుస్తకంలో.

మర్నాడు అట్లాసు తిరిగి ఇస్తే, ఆవిడ తన వంటింట్లో ఆ చుక్క చూసి కోప్పడలేదు. "మీది మా దానికంటే పెద్ద దీవే," అని నవ్వింది. సిగ్గేసినా, నాకు లోపల హాయిగానే ఉంది. ఆవిడ పిల్లను పిలిచి, మీ దీవిలో సామాను ఇంటికెలా తీసుకెళ్తారని అడిగింది. నెత్తిన అంటుందని చూశాను.

"దట్స్ మమ్స్ ఐలండ్," అంది పిల్ల. పేజీలు తిప్పి బ్రిటనీ పక్కన వేలు పెట్టింది. "అవర్స్ ఈజ్ హియర్."

ఆవిడ నా మొహం చూడలేక టీ పెట్టడానికి లేచింది. వద్దన్నాను. పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి నడిచాను. బొమ్మల బండి ఆవిడ గుమ్మం ముందే ఉంది. తీసుకురమ్మంటే పిల్ల వినలేదు. బండి రేవులోనే ఉండాలట.