మూఢంలో మారిన మెషీను

చోడవరంలో మా వీధి చివరి ఇంట్లో ఎప్పుడూ ఎవరిదో ఒకరి పెళ్ళి జరుగుతూ ఉంటుంది. బాజా ఉండదు, భోజనాలు ఉండవు. ముందుగదిలో బల్ల మీద పెద్ద తెర, దాని ముందు రూపాదేవి. తెర మీద పెళ్ళికూతురు తలంబ్రాలు పోస్తూ ఉంటుంది. వెనకాల పెళ్ళికొడుకు మేనమామ నోరు బార్లా తెరిచి ఆవలిస్తూ ఉంటాడు. రూపాదేవి ఆ మేనమామను తీసేసి, అక్కడ పూలదండ పెడుతుంది. ఫొటోగ్రాఫర్లు తెచ్చిచ్చే వందల ఫొటోల్లోంచి మంచివి ఏరి, పేజీలుగా పేర్చి, ఆల్బం తయారుచేయడం ఆమె పని.

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక నేను అక్కడికి వెళ్ళి కూర్చుంటాను. అదేమిటి, ఇదెందుకు అని ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చెప్పే మనిషి వీధిలో ఆమె ఒక్కతే. అలా విన్నదీ చూసిందీ రాస్తున్నాను.

రూపాదేవి పుట్టిల్లు కె.కోటపాడు పక్క పల్లె. ఇంటరు చదివింది. పెళ్ళై ఇక్కడికి వచ్చాక, భర్త శ్యాంప్రసాద్ పరవాడ వైపు కంపెనీలో షిఫ్టులకు పోతూ ఉంటే, తను బస్టాండు దగ్గర ఒక స్టూడియోలో పనికి కుదిరింది. మొదట్లో పాస్‌పోర్టు ఫొటోల వెనక నీలం రంగు వేయడమే పని. ఏడాది తిరిగేసరికి పెళ్ళి పేజీలన్నీ ఆమే చేసేది. తర్వాత ఆ స్టూడియో మూతపడింది. యజమాని ఊరు వదిలిపోతూ సామాను అమ్మేసినప్పుడు, తను అలవాటుపడిన కంప్యూటరును ఆమె కొనుక్కుంది. బొంత చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. దానికి విడిగా పెట్టె ఉండదు, అంతా తెర వెనకే. వీపు మీద కొరికిన ఆపిల్ పండు బొమ్మ. ఇంటికి వచ్చేనాటికే అది పాతది. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు దాని మీదే పని చేసింది.

ఈ చుట్టుపక్కల కొత్తగా పెళ్ళైనవాళ్ళ మొహాలు ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియవు. వాళ్ళకు మాత్రం ఆమె ఎవరో తెలియదు. ఒకసారి మాడుగుల బస్సులో మా ముందు సీటులో ఒక పిల్ల కూర్చుంది.

"ఈ గుంట గెడ్డం మీద పుట్టుమచ్చ నానే తీసీసేను పిన్నీ," అని రూపాదేవి నా చెవిలో చెప్పింది. "పేజీలు సూసేక ఫొటోగ్రాఫరుకి ఫోన్ సేసి, మళ్ళీ పెట్టమన్నారు. అత్తోరికి ఆ మచ్చ అదృష్టమంట."

కిందటి కార్తీకం చివర్లో ఆమెకు ఇబ్బంది వచ్చిపడింది. ఆల్బం అచ్చువేసే ల్యాబు విశాఖపట్నంలో ఉంది. ఈమె పేజీలు ఇంటర్నెట్టులో పంపితే వాళ్ళు అచ్చువేసి, అట్టకట్టి, బస్సులో వేస్తారు. ఆ ల్యాబువాళ్ళు పేజీలు పంపే సాఫ్ట్‌వేరు మారుస్తున్నామనీ, వచ్చే ముహూర్తాల నుంచి కొత్తదానిలోనే పంపాలనీ మెసేజి పెట్టారు. ఆ కొత్తది నడవాలంటే కంప్యూటర్లో ఆపరేటింగ్ సిస్టం కూడా కొత్తదే ఉండాలి.

ఆపరేటింగ్ సిస్టం అంటే ఏమిటని అడిగాను.

"ఇంట్లో పెద్దోళ్ళు పిన్నీ," అంది. "ఎవులు లోపలికి రావాలి, ఎవులు గుమ్మం కాడే ఆగిపోవాలి, అన్నీ అదే సెప్తాది."

"మీ అత్తలాగన్నమాట."

"నాకు ఇనిపిస్తన్నాది," అంది వంటింట్లోంచి అత్త రాజ్యం.

రూపాదేవి కొత్త సిస్టం కోసం మెషీనులోనే వెతికింది. మీది తాజాగానే ఉంది, కొత్తవేమీ లేవు అని తెర మీద వచ్చింది. బజారులో కొత్తది ఉంది. ఆ వయసు మెషీన్లకు కంపెనీ ఇవ్వడం మానేసింది, అంతే.

ఆ వారంలోనే బంగార్రాజు వచ్చాడు. అతను కె.కోటపాడు ఫొటోగ్రాఫరు. రూపాదేవికి వచ్చే పనిలో సగం అతను కెమెరా మెమరీ కార్డుల్లో తెచ్చేదే. సంగతంతా విని గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"అనకాపల్లిలో ఒకడు కొత్త మెషీను దింపేడక్కా. మూఢం ఎల్లేలోగా నీది సెట్టవ్వకపోతే నా కార్డులు అటు ఎల్లిపోతాయి. నీ మీద కోపం కాదు. పెళ్ళోళ్ళు నా పీక మీద కూకుంటారు."

"ఒకసారి ఎల్లిన కార్డు మళ్ళీ వస్తాదేటి?" అంది రూపాదేవి.

"రాదు. అబద్ధమెందుకు సెప్పాలి?"

బంగార్రాజు పోతే వెనకే మాడుగుల ఫొటోగ్రాఫర్లూ పోతారు. అప్పుడు ఆమెకు మిగిలేది మళ్ళీ పాస్‌పోర్టు ఫొటోల నీలం రంగే.

ఈ ఏడు శుక్రమూఢం మాఘాన్ని కూడా మింగేసింది. దగ్గర దగ్గర మూడు నెలలు పెళ్ళిళ్ళు లేవు. వీధిలో చెరుకు ట్రాక్టర్ల చప్పుడే గాని బాజా చప్పుడు లేదు. మెషీను ఖాళీగా ఉంది. రూపాదేవి ఫోనులో వీడియోలు చూడసాగింది. కంపెనీ వదిలేసిన పాత మెషీన్లలో కొత్త సిస్టం ఎక్కించే దారి ఒకటుందని వాటిలో తెలిసింది. చిన్న ప్రోగ్రామును పెన్‌డ్రైవులో పెట్టి, మెషీను ముందు దానితో లేచేలా చేయాలి. అది ఏం చేస్తుందని అడిగాను.

"పెళ్ళిపందిట్లో సూడవా పిన్నీ? పిలుపు లేని మనిషిని కూడా సెయ్యి పట్టుకుని, ఈవిడ మావోళ్ళేనండీ అని లోపలికి తీసుకెల్లిపోయే పెద్దమడిసి ఒకరుంటారు. అలాటిది."

ఆ వీడియోల్లో కొన్ని హిందీ, కొన్ని ఇంగ్లీషు. మాటలు ఆమెకు సగమే అందేవి. వాళ్ళ చెయ్యి ఎక్కడ నొక్కుతోందో చూసి, ఆపి, పాత లెక్కల నోటుబుక్కులో తెలుగులో రాసుకునేది. తొమ్మిది పేజీలు రాసింది. "ఆప్షన్ మీట నొక్కి ఉంచాలి. బొమ్మలు వచ్చేదాకా వదలకూడదు" అన్న వాక్యం కింద రెండు గీతలు గీసింది.

రాజ్యం అడ్డుపడింది.

"మూఢంలో కొత్తది పెట్టకూడదే. అంతగా అయితే మూఢం ఎల్లేక సేసుకో."

"మూఢం ఎల్లేక పెళ్ళిళ్ళు మీద పడిపోతాయత్తా. అప్పుడు పాడైతే ఏ మొహం పెట్టుకుని సెప్పను?"

"ఇప్పుడు పాడైతే?"

"బాగుసేసుకోడానికి రోజులుంటాయి."

రాజ్యం నా వైపు తిరిగింది. "నువ్వు సెప్పు వదినా."

కొత్త మెషీను ఏమైనా కొంటోందా అని అడిగాను. లేదంది. ఉన్న ఇంటికి సున్నం వేయించడానికి ముహూర్తం ఎవరు చూస్తారన్నాను. రాజ్యం ఆ మాట మీద రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు కోడలితో, "సున్నమే ఎయ్యి. గోడలు మాత్రం కూల్చకు," అంది.

గోడలు కూల్చే ఉద్దేశం రూపాదేవికీ లేదు. ఆమె ఆల్బం పేజీలు చేసే సాఫ్ట్‌వేరు చాలా పాతది, కొత్త సిస్టంలో తెరుచుకోదు. ఎనిమిదేళ్ళుగా తను కట్టుకున్న డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి. అందుకని మెషీను లోపలి డిస్కును రెండు భాగాలు చేసింది. ఒకదానిలో పాత సిస్టం ఉన్నది ఉన్నట్టు ఉంటుంది. రెండోదానిలో కొత్తది. పేజీలు పాతదానిలో చేసి, మెషీను ఆపి, కొత్తదానిలో లేపి ల్యాబుకు పంపాలని ఆమె ఆలోచన.

మొదటి రోజు పెన్‌డ్రైవు తయారుచేయడానికే సరిపోయింది. సరిపోయింది అంటే, తయారు కాలేదు. సగం ఎక్కేసరికి పెన్‌డ్రైవు తెర మీదినుంచి మాయమైపోయేది. మళ్ళీ పెడితే మళ్ళీ మాయం. రెండో రోజు కొత్త పెన్‌డ్రైవు కొని తెచ్చింది. అదీ అంతే. మెషీను వెనక పెన్‌డ్రైవులు గుచ్చే కన్నాలు నాలుగున్నాయి. మొదటిదానిలో ఎప్పుడూ ఫొటోలు దాచుకునే బయటి హార్డు డిస్కు ఉంటుంది, కొత్త సిస్టం దించుకున్నది అందులోనే కనుక దాన్ని తీయడానికి లేదు. మిగిలిన మూడింటిలో ఎక్కడ పెట్టినా ఇదే వరస. మూడో రోజు నోటుబుక్కు మూసేసింది.

"వయసైపోయింది పిన్నీ. కంపెనీవోళ్ళు ఊరికే అన్లేదు."

"ఆ కన్నాలు ఎలా ఉన్నాయో చూశావా?" అన్నాను.

చూడలేదు. మెషీను గోడవైపు తిరిగి ఉంటుంది, చేత్తో తడిమి పెట్టడమే అలవాటు. కరెంటు తీసి, ఇద్దరం పట్టుకుని తిప్పాం. మూడు కన్నాల మీదా గంధం పేరుకుని గట్టిపడి, దాని మీద కుంకుమ. ఏ ఏటి పొర ఆ ఏటిది. పెన్‌డ్రైవు గుచ్చినచోట మాత్రం కాస్త పెచ్చు రాలింది.

"నా బొట్టు సెరపకండి," అంది రాజ్యం గుమ్మంలోంచి.

"ఇదేటత్తా?"

"ఏటంటే ఏటి? ఏటేటా దసరాకి ఆయుధపూజలో పెడతన్నాను. తెర మీద పెట్టొద్దని నువ్వే కదే అన్నావు. ఎనక పెట్టేను."

"ఎనకంటే ఇంత ఎనకుంది కదత్తా! మజ్జినున్న ఆ పండు మీద పెట్టొచ్చు కదా?"

రాజ్యం కోడలిని జాలిగా చూసింది. "ఎంగిలి పండు మీద బొట్టెలా పెడతానే? ఎవుడో కొరికీసేడు. పక్కన సిన్నసిన్న గడులు వరసగా ఉన్నాయి, ముచ్చటగా. ఆటికి పెట్టేను."

రూపాదేవి నేల మీద కూలబడింది. నవ్వడం మొదలుపెట్టింది. రాజ్యానికి కోపం వచ్చి, తను చేసిన పూజ వల్లే ఇన్నేళ్ళు నడిచింది, లేకపోతే ఏనాడో పోయేదని అంది.

పళ్ళు తోముకునే కొత్త బ్రష్షుతో పొడిగానే రుద్ది, గుండుసూదికి దూది చుట్టి లోపల తుడిచింది. ఒక పూట పట్టింది. మూడింటిలో రెండు కన్నాలు తేరుకోలేదు. మెషీను అంచున ఉన్నది ఒక్కటే పనికొచ్చింది. పెన్‌డ్రైవు అందులో పెడితే ఈసారి చివరిదాకా ఎక్కింది.

మర్నాడు మధ్యాహ్నం ఆప్షన్ మీట నొక్కి ఉంచి మెషీను లేపింది. బొమ్మలు వచ్చాయి. కొత్త సిస్టం ఎక్కడానికి రెండు గంటలు తీసుకుంది, మధ్యలో మెషీను తనంతట తానే నాలుగుసార్లు ఆగి లేచింది. ఆగినప్పుడల్లా, అలా ఆగుతుందని నోటుబుక్కులో రాసి ఉందో లేదో రూపాదేవి చూసుకునేది. చివరికి తెర వచ్చింది గాని, ఏది తెరిచినా ముక్కుతూ మూలుగుతూ తెరుచుకునేది, రంగులు పాలిపోయి ఉన్నాయి. దానికి ఇంకో చిన్న ప్రోగ్రామును అతుకులా వేయాలని ఎనిమిదో పేజీలో ఉంది. వేసి మళ్ళీ లేపితే చురుగ్గా నడిచింది. ఆ పందిరి పెద్దమనిషి ప్రోగ్రామును కూడా పెన్‌డ్రైవులోంచి మెషీను లోపలికి మార్చింది.

ల్యాబు సాఫ్ట్‌వేరు తెరుచుకుంది. కాని ముహూర్తాలు మొదలయ్యేదాకా దానిలో పేజీలు తీసుకునేది లేదని ల్యాబువాళ్ళు ఫోనులో చెప్పారు. అసలు సంగతి ఆ రోజు గాని తేలదు.

ఫాల్గుణంలో మొదటి పెళ్ళిళ్ళు అయ్యాయి. బంగార్రాజు దగ్గర రెండు పెళ్ళిళ్ళ మెమరీ కార్డులున్నాయి. ఒకటి బల్ల మీద పెట్టాడు, రెండోది చొక్కా జేబులోనే ఉంచుకున్నాడు.

"అదేటి, రెండోది జేబులోనే దాసుకున్నావేటి?" అంది రూపాదేవి.

"ముందు ఇది ఎక్కనీ అక్కా. ఆదివారం అనకాపల్లి ఎల్తన్నాను."

ఆదివారానికి నాలుగు రోజులున్నాయి. మూడు రోజుల్లో ఆమె ముప్పై రెండు పేజీలు చేసింది. శనివారం మూడు గంటలకు బంగార్రాజు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రూపాదేవి మెషీను ఆపింది.

"ఆపీసేవేటక్కా?"

"ఈ పక్కనుంచి ఆ పక్కకి ఎల్లాలి. కూకో."

కొత్త సిస్టం లేవడానికి ఐదు నిమిషాలు పట్టింది. బంగార్రాజు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. ల్యాబు సాఫ్ట్‌వేరు తెరిచి ఆమె పేజీలు వదిలింది. ఒకటి, రెండు, మూడు. పదకొండో పేజీ దగ్గర తెర మూల ఒక చీటీ వచ్చింది. బంగార్రాజు వేలు చాపాడు.

"ఏదో కొత్తది వచ్చిందంటన్నాది. నొక్కక్కా, ఇంకా స్పీడవుతాది."

"సెయ్యి తియ్యి!"

ఆ కేకకు రాజ్యం వంటింట్లోంచి వచ్చింది. రూపాదేవి ఆ చీటీని జాగ్రత్తగా పక్కకు తోసేసింది. అది నొక్కితే మెషీను తనంతట తానే సర్దుకుని, వేసిన అతుకులన్నీ ఊడదీసుకుంటుందట. ఇంతకాలం రాదు రాదు అన్న కంపెనీ కబురు ఇప్పుడు పిలవకుండా వస్తోంది, ఈమె వద్దంటోంది.

పదకొండో పేజీ అక్కడే ఆగి ఉంది. రూపాదేవి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. బంగార్రాజు చొక్కా జేబు తడుముకున్నాడు. తర్వాత పన్నెండు కదిలింది. ముప్పై రెండూ ఎక్కేసరికి నాలుగున్నర అయింది. కాసేపటికి ల్యాబు నుంచి ఫోనుకు మెసేజి వచ్చింది, పేజీలు అందాయని, రంగులు సరిగానే ఉన్నాయని.

బంగార్రాజు దాన్ని తన కళ్ళతో చదివి, జేబులోంచి రెండో కార్డు తీశాడు.

"ఈళ్ళు తొందర మనుషులక్కా. బుధవారానికి కావాలంటారు."

"అనకాపల్లి ఎల్తానన్నావు?"

"ఎల్తాను. మా బావమరిది ఉన్నాడక్కడ."

"బల్ల మీద పెట్టు."

పెట్టాడు. అతను వెళ్ళాక రూపాదేవి మెషీను ఆపి, మళ్ళీ పాత సిస్టంలో లేపి, ఆ కార్డు తెరిచింది. మొదటి ఫొటోలో పెళ్ళికూతురు కళ్ళు మూసుకుని ఉంది. రెండో ఫొటోలో పెళ్ళికొడుకు. మూడో ఫొటోలో ఇద్దరూ తెరిచారు. దాన్ని పక్కన పెట్టుకుని, ఆమె నాలుగోదానికి వెళ్ళింది.