రంగూన్ నౌకరీకి సాక్షులను వెతుక్కుంటూ కోదాడ, మిర్యాలగూడ

రంగూన్‌లోని ఒక దవాఖానలో పదకొండేళ్ళు నర్సుగా పనిచేశాను. యుద్ధకాలంలో కాలినడకన తిరిగి వస్తుంటే నా కాగితాలన్నీ ఏటి పాలయ్యాయి. పింఛను కోసం పెట్టుకున్న అర్జీకి ఈ ఏడు జవాబు వచ్చింది. నాతో పనిచేసిన ఇద్దరు సంతకాలు చేస్తే చాలునట. మా దవాఖాన వంటమనిషి లింగయ్య కోదాడలో హోటలు పెట్టాడని విని, సూర్యాపేటలో పొద్దున ఆరింటి బస్సెక్కాను. రెండో సాక్షి ఎవరో నాకే తెలియదు.

కిరాయి పన్నెండణాలు, నిజాం వారి హాలీ సిక్కాలో. దారిలో వచ్చే మునగాల మాత్రం మద్రాసు ఇలాకా. అక్కడ చాయ్ తాగాలన్నా ఇంగ్లీషు అణాలే కావాలి, విడిగా దగ్గర ఉంచుకోండి. పోలీసులు బస్సు ఆపి మూటలన్నీ విప్పించడంతో గంట పోయింది. కోదాడ చేరేసరికి తొమ్మిదిన్నర.

లింగయ్య నన్ను చూడగానే గరిటె పక్కన పడేసి వచ్చాడు. వేడి ఉప్మా పెట్టి, నేను తింటుండగానే సంతకం చేశాడు. “రెండోది రాజయ్యతో పెట్టించుకోండి సిస్టరమ్మా,” అన్నాడు.

“ఏ రాజయ్య?”

“మన కాంపౌండరేనమ్మా. మిర్యాలగూడలో మందుల దుకాణం పెట్టాడు గదా.”

ఉప్మా పళ్ళెం పక్కన పెట్టేశాను. రంగూన్ నుంచి తిరిగి వచ్చే దారిలో, అరకాన్ కొండల్లో రాజయ్య జ్వరంతో లేవలేకపోతే, దారి పక్కన పడుకోబెట్టి గుంపుతో ముందుకు నడిచిపోయాను. ఇన్నేళ్ళూ అతను చనిపోయాడనే అనుకున్నాను. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని సంతకం అడగను? తిరుగు బస్సు ఎక్కేద్దామనిపించింది. కానీ బతికున్నాడని తెలిశాక చూడకుండా పోవడానికి మనసొప్పలేదు.

హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ పోయే ధాన్యం లారీలో లింగయ్య నన్ను ఎక్కించాడు. డ్రైవరు రూపాయి అడిగాడు. నర్సునని తెలిసి, “జర సూడమ్మా, మానుతలేదు,” అని చేతి పుండు చూపించాడు. దారిలో ఆపించి కడిగి కట్టు కట్టాను. దిగేటప్పుడు రూపాయి ఇస్తే తీసుకోలేదు.

మధ్యాహ్నం రెండు గంటలకు రాజయ్య దుకాణం ముందు నిలబడ్డాను. రాజయ్య జుట్టు నెరిసింది. పొట్లం కడుతున్నవాడు తలెత్తి, “సిస్టరమ్మా! ఇంత ఎండల వచ్చినవా?” అంటూ లేచాడు.

కాగితం బయటికి తీయలేకపోయాను. “నేను నిన్ను ఇడిసిపెట్టి పోయిన, రాజయ్యా,” అన్నాను.

“నేనే గద పొమ్మన్నది! నీ ఎర్ర దుప్పటి నా మీద కప్పి పోయినవ్. ఎనక వచ్చేటోళ్ళు ఆ ఎరుపు సూసే, గీడ మనిషున్నడని ఆగిండ్రు. లేకుంటే గాడనే ఖతం అయితుంటి.”

దుప్పటి సంగతి నాకు గుర్తే లేదు. కళ్ళు తుడుచుకుంటుంటే రాజయ్య మంచినీళ్ళిచ్చాడు. సంతకం చేశాక, “మరి నీ పింఛను?” అని అడిగాను.

“నాకు సాచ్చెం ఎవరిస్తరని, అడగనే లేదమ్మా.”

అదే బల్ల మీద, అదే కలంతో, అతనికి నేను సాక్ష్యం రాశాను.

పింఛను ఎప్పుడొస్తుందో తెలియదు. ఒక సంతకం కోసం వెళ్ళి, ఇన్నేళ్ళ బరువు దించుకుని వచ్చాను. ఆ మర్నాడు సూర్యాపేట బస్సులో కిటికీకి తలానించి హాయిగా నిద్రపోయాను. ఇలాంటి పని మీద బయలుదేరేవారికి ఒక్క మాట: ఖాళీ అర్జీ కాగితాలు రెండు ఎక్కువ పెట్టుకోండి. మీరు వెతుక్కుంటూ వెళ్ళే మనిషికీ మీ సంతకం అవసరం కావచ్చు.